లాభం, రెండు, మూడు

రాణిగంజ్‌లో పంపుసెట్ల కొట్టు పక్కనుంచి
పద్దెనిమిది మెట్లు.
పదకొండోది వదులు, కిర్రుమంటుంది.
కొత్తవాళ్లకి ముందే చెప్తాం.
కొత్తవాళ్లు రారు. అయినా చెప్తాం.

పైన ఒకటే గది.
పడమటి గోడకి బీరువా, అందులో తోలు చుట్ట,
దాని ముందు నీలం తెర:
మోజెల్ ఆంటీ పెళ్లిచీర కొంగు.
యెరూషలేము వైపు తిరిగి నిలబడితే
ముందు తగిలేది హుసేన్ సాగర్ వాసన.
చిన్నప్పుడు నేను
ఆ ఊరు కూడా ఇలాగే ఉంటుందనుకునేదాన్ని.

పదిమంది మగవాళ్లుండాలి.
లేకపోతే కొన్ని మాటలు
నోట్లోనే దాచుకుని ఇంటికెళ్లాలి.
మనుషుల్ని అంకెలేసి లెక్కపెట్టకూడదు, తప్పు.
అందుకని సాదోకు మావయ్య
తెనాలిలో వడ్లు కొలిచిన చేతిని గాల్లో తిప్పుతూ
"లాభం, రెండు, మూడు..." అనేవాడు.
"మరి రెండూ మూడూ అంకెలు కావా?"
అలీబాగ్ నుంచొచ్చిన రైల్వే సయ్యోన్ అంకుల్
ప్రతి శనివారమూ అదే నవ్వు నవ్వేవాడు.
"మొదటివాడు లాభమైతే
మిగిలినవాళ్లకి దిష్టి తగలదయ్యా."

పస్కా రోజుల్లో
పిండి తడిపిన పద్దెనిమిది నిమిషాల్లో రొట్టె కాలిపోవాలి.
గడియారం నా చేతిలో, అప్పడాల కర్ర అమ్మ చేతిలో.
చేదు ఆకు కోసం మోండా మార్కెట్టంతా తిరిగి
చివరికి మెంతికూరతో వచ్చేవాళ్లం.
ఒక ఏడు, ఏలీయా ప్రవక్త కోసం తలుపు తీస్తే
కింది కొట్టు మెకానిక్ ఖలందర్ నిలబడి ఉన్నాడు:
"నల్లా ఇడిశిపెట్టిన్రా? కింద మోటర్లన్నీ తడుస్తున్నయ్!"
ప్రవక్త కోసం పోసిన గ్లాసు అతనికే ఇచ్చాం.
తాగాడు. వాషరు మార్చి వెళ్లాడు.

పర్ణశాలల పండక్కి
ఘట్‌కేసర్ నుంచి ఈతకొమ్మలు తెచ్చిందీ అతని ట్రాలీయే.
మిద్దె మీద కప్పు సందుల్లోంచి
చుక్కలు కనపడాలి.
మాకెప్పుడూ వానే కనపడేది.
గొడుగుల కింద పులిహోర,
పిల్లల నెత్తిన ఆకుల నీళ్లు,
"మన పితరులు ఎడారిలో..." అని మొదలుపెట్టి
మావయ్య తుమ్మేవాడు.

మొన్న శ్రావణంలో పోయాడు.

కొత్త సంవత్సరానికి కొత్త పండు తినాలని
ఆషేరు సీతాఫలాలు తెచ్చాడు.
పొట్టేలు కొమ్ము ఊదుతుంటే
వీధి కుక్కలు బదులు పలికాయి.
నవ్వలేదెవరమూ.
గింజలు పళ్లెంలో రాల్చుకుంటూ
ఎవరి గింజలు వాళ్లు చూసుకున్నాం.

ఇవాళ ఉపవాసపు సాయంత్రం.
ఆషేరు నాన్న కోసం పుస్తకం తెరిచి నిలబడ్డాడు.
కాజీపేట నుంచి రావలసిన డేవిడ్ రాలేదు,
రైలు ఎక్కడో ఆగిందట.
కింద ఖలందర్ షట్టరు దించాడు.
దీపాల వేళ దాటుతోంది.
అందరం పదకొండో మెట్టు కోసం
చెవులు రిక్కించాం.

లెక్కపెట్టే మనిషి లేడు.
లెక్కపెట్టక్కర్లేదు కూడా,
తొమ్మిది కళ్లకే కనపడుతుంది.

ఆడవాళ్ల వరసలో నా పక్కన మోజెల్ ఆంటీ,
ఎనభై ఒకటి దాటింది.
ప్రతి రాగమూ ఆవిడకి వచ్చు,
ఆషేరుకి ఆ మాటలు నేర్పిందీ ఆవిడే.
ఇప్పుడు పుస్తకం మూసి
ఒళ్లో పెట్టుకుంది, ఇంటికెళ్లే మనిషిలా.

నా చెయ్యి ఎప్పుడు లేచిందో తెలీదు.
ఆవిడ భుజం మీద వాలింది.
"లాభం" అన్నాను.

గది ఊపిరి బిగబట్టింది.
ఎవరూ వెనక్కి తిరగలేదు.
సయ్యోన్ అంకుల్ కళ్లజోడు తీసి
చొక్కా అంచుతో తుడిచి, తుడిచి,
మళ్లీ పెట్టుకున్నాడు.
తన గుండె మీద వేలు ఆనించుకుని

"రెండు" అన్నాడు.