గడి

వరంగల్ మొత్తం నా మోడల్‌లో ఒకే గడి.
గడి అంటే కొంరవ్వ పొయ్యి మీంచి తలెత్తింది:
"దొర గడీయా? అది కూలిపాయె గద బిడ్డా."
కాదవ్వా, లెక్కల గడి.
నూరు కిలోమీటర్ల పొడుగు, నూరు కిలోమీటర్ల అడ్డం.
కాజీపేట జంక్షన్, ఎనుమాముల పత్తి బస్తాలు,
భూపాలపల్లి చిమ్నీ, పాకాల అడవి,
ధర్మసాగర్ బడి వెనక రేకుల కింద
తొంభై మంది పిల్లలకు నువ్వు కాచే పప్పుచారు,
అన్నీ కలిపి ఒకటే అంకె.

వడపోత కాగితం తెల్లగా పెట్టి
మూడు గంటలకు తీశాను.
"మా కోడలి కాటుక తీర్గున్నది" అంది చూసి.

మసి రేణువుని మేం గోళీ అనుకుంటాం.
గోళీ అయితే సమీకరణం సులువు.
మైక్రోస్కోపులో మాత్రం అది
వాన గుంటలో కప్పగుడ్ల దండ.

పుట్టిన మసికి నీళ్లు పడవు.
మబ్బులోంచి పోయినా పొడిగానే పోతుంది.
తిరగ్గా తిరగ్గా
రామగుండం గంధకం ఒంటికి పట్టాక
అప్పుడు తడుస్తుంది, వానతో దిగుతుంది.
ఎంతకాలానికి?
కోడ్‌లో నాలుగు వందల పదో లైన్లో
ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు:
ఒక రోజు, ఆపైన కొంచెం.
అంతే ఎందుకని అడిగితే
"ముందటోళ్లూ అదే వాడిన్రు" అన్నారు మా గైడు.
కొంరవ్వ ఉప్పూ చేతి కొలతే.
కాకపోతే ఆమె రుచి చూస్తుంది.

యాసంగి కోతలయ్యాయి.
పరకాల తోవలో కొయ్యకాళ్లు అంటుకుని
బస్సు లైట్లేసుకుని పోయింది, పట్టపగలు.
ఉపగ్రహం చూపింది రెండే చుక్కలు.
పొయ్యిని అదెట్లాగూ చూడదు.

మేం కొలిచిన మసి
మోడల్ చెప్పినదానికి మూడింతలు.
అందుకని మూడుతో గుణించాం.
పేపర్లో దానికి మర్యాదైన పేరుంది, సవరణ గుణకం.
ఒక వంతు లెక్కలో ఉంది సరే,
తక్కిన రెండు వంతులూ ఎవరి కళ్లల్లోంచి పోయాయి?

గ్యాస్ బిల్లు ఆర్నెల్లుగా రాలేదట.
పత్తికట్టె మోపు విప్పుతూ అడిగింది:
"గిండ్ల నేనెక్కడున్న?"

ల్యాప్‌టాప్ తిప్పి చూపించాను,
మట్టిరంగు చదరం.
"గిదా" అని వేలు పెట్టింది.

ఆ నల్లటి వేలిముద్ర
సగం ఆ గడిలో,
సగం పక్క గడిలో.