ఎడమ వైపు

నిచ్చెన మీంచి పడి కాలు విరిగిన చలికాలం
మొదలుపెట్టానీ ఆట.
డాక్టరు ఆరు వారాలన్నాడు. తొమ్మిదేళ్లయింది.
కాలు ఎప్పుడో అతుక్కుంది,
నేనే కుర్చీలోంచి ఇంకా లేవలేదు.

ఆటలో ఇప్పుడు రెండు వేల నలభై తొమ్మిది,
నాకు ఎనభై మూడేళ్లు.
బయట, కార్న్‌వాల్‌లో, ఈ వంటింటి బల్ల దగ్గర,
అరవై ఒకటి.
రాత్రంతా బేకరీలో పాస్టీల అంచులు మడిచొచ్చి
గోళ్లలో పిండితోనే లాప్‌టాప్ తెరుస్తాను.
దాని ఫ్యాను కెటిల్‌లా ఈల వేస్తుంది.

పోల్‌గారెత్ రోవర్స్. ఎనిమిదో అంచె లీగు.
బ్యాంకులో నాలుగు వేల పౌన్లు,
ఇద్దరు గోల్‌కీపర్లు, ఇద్దరికీ కలిపి ఒక మంచి మోకాలు.
పిండి కొద్దీ రొట్టె అన్నారు అధ్యక్షులవారు
పచ్చ పెట్టెలో రెండు వాక్యాలుగా.

ఆరో సీజన్లో వచ్చాడు పెరాన్ ఆంగొవ్.
పదహారేళ్లవాడు, మా అకాడమీ పంట.
ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు నీడ.
ఎడమ కాలు పదిహేడు, ధైర్యం పంతొమ్మిది,
వేగం సంగతి అడక్కండి.
వాణ్ని కన్నది ఏ లెక్కల యంత్రమో,
పెంచింది మాత్రం నేను.
పెద్ద క్లబ్బులు సంచులు పట్టుకొచ్చాయి. పొమ్మన్నాను.
పందొమ్మిది సీజన్లు, ఆరు వందల పదకొండు మ్యాచులు
ఆ ఎడమ గీత వెంట పైకీ కిందకీ,
చేద బావిలోకి వెళ్లొచ్చినట్టు.

కప్పు ఫైనల్ నాడు పెళ్లినాటి సూటు వేసుకున్నాను.
బొత్తాం పట్టలేదు.
ఫ్రిజ్ పిడికి చెయ్యి కలిపి కూర్చున్నాను,
అవతలి మేనేజరు అనుకుని.
పెనాల్టీలు. ఆఖరిది పెరాన్ కొట్టాడు, కుడికాలితో.
కుడికాలితో ఎందుకో ఇప్పటికీ నాకు తెలీదు.
నా కేకకి గోడవతల మిస్ ట్రెవానియన్ చెప్పుతో బాదింది.
కెరెన్సా నైటీలో గుమ్మంలో నిలబడి
గెలిచారా అంది. గెలిచామన్నాను.
సూటు నలపకు అని పడుకుంది.

శనివారాలు నిజం రోవర్స్ ఆడతారు.
ఎనభై ముగ్గురం చూస్తాం. మైదానం ఏటవాలు,
బంతి దొర్లితే ఆవుల మేత దాకా.
విరామంలో నేనే పాస్టీలమ్ముతాను.
ఎడమ వైపు ఆడే కుర్రాడు ప్లంబరు కొడుకు, జోరీ.
పోయినసారి వాడు బంతి వదిలేస్తే
పెరాన్! అని అరిచాను.
వాడు వెనక్కి తిరిగి
ఎవర్నో వెతుక్కున్నాడు పాపం.

పెరాన్ రిటైరై కోచింగ్ చదివాడు.
నేనే సంతకం పెట్టి పంపాను.
ఈ మంగళవారం పొద్దున ఉత్తరం:
వరసగా తొమ్మిది ఓటములు, మీ సేవలకు కృతజ్ఞతలు,
కొత్త మేనేజరు పెరాన్ ఆంగొవ్.
ఏకై వచ్చి మేకయ్యాడని నవ్వొచ్చింది.
నవ్వు ఎంతసేపో ఉండలేదు.

ఆదివారం సేవ్ చేసిన ఫైలుంది.
ఒక్కసారి నొక్కితే ఆ ఉత్తరం పుట్టనే పుట్టదు.
చూసేవాళ్లెవరూ లేరు.
వేలు దాని మీదే పెట్టుకుని
టీ చల్లారేదాకా కూర్చున్నాను.
వాడికి మొదటిసారి కుర్చీ దొరికింది కదా,
ఎలా లాగెయ్యను?

నన్ను తీసేశారు అన్నాను కెరెన్సాతో.
బేకరీలోనా! చెంచా జారింది.
కాదు, దీంట్లో. పెరాన్‌కిచ్చారు.
కాసేపు ఆలోచించింది.
మన లెఫ్ట్‌బ్యాకేనా? అంది.
మన, అంది.

బెల్జియంలో ఏదో క్లబ్బుకి మేనేజరు కావాలట.
రాయలేదు. కంటిన్యూ నొక్కాను,
వాడి మొదటి మ్యాచు టికెట్టు కొన్నవాడిలా చూద్దామని.
అరవై మూడో నిమిషం, రెండు గోల్స్ వెనకబడ్డారు,
మళ్లీ ఆ గీత వెంటే వస్తున్నారు చుక్కల్లాంటి మనుషులు,
వాడికి కనపడటం లేదు, వాడికే, ఆ వైపు.
ఎడమ వైపు మూసెయ్యరా నాయనా,
ఎడమ వైపు!

గోడవతల చెప్పు.