స్టూలు

జాలహళ్ళిలో బస్సు దిగితే చలి.
స్వెట్టరు మీద తెల్లకోటు, తలకి గుడ్డ టోపీ.
పూలు వద్దు, పౌడరు వద్దు.
గాజులు తీసి డబ్బాలో వేసి
డబ్బా మీద పేరు రాసి లోపలికి పోవాలి.
సాయంత్రం దాకా మా చప్పుడంతా బీరువాలోనే.

పని ఇంతే:
జెర్మేనియం రవ్వ, నువ్వుగింజలో పావు.
దానికి వెంట్రుక కన్నా సన్నని తీగ అతకాలి.
ఊపిరి వదిలితే తీగ లేచిపోతుంది,
బిగబడితే చెయ్యి వణుకుతుంది.
ఈ రెంటికీ నడుమ ఒక సందుంది.
అది ఎవరూ నేర్పరు.
మరియమ్మకి వారంలో దొరికింది,
నాకు నెల పట్టింది.

ట్రైనింగులో వెంకోబరావు సారు ఫోటో చూపించారు.
అమెరికాలో ముగ్గురు. ఇద్దరు నిలబడి,
ఒకాయన మైక్రోస్కోపు ముందు కూర్చుని.
బంగారు రేకుని బ్లేడుతో చీల్చి
స్ప్రింగుతో రవ్వ మీద నొక్కి పెడితే
ఇటు గుసగుస అటు కేకయి వచ్చిందట.
నలభై ఏడు, డిసెంబరు.
నాకప్పుడు పాలపళ్ళు ఊడుతున్నాయి.

కూర్చున్నాయనేనా సార్, రేకు కోసింది?

సారు ఫోటో చూశారు, గడియారం చూశారు.
"కాదమ్మా. ఆ బల్ల మీసాలాయనది.
లెక్క కళ్ళజోడాయనది.
కూర్చున్నాయన వాళ్ళ పై ఆఫీసరు.
అందులో తన చెయ్యి లేదని ఉక్రోషం పట్టి
హోటలు గదిలో కూర్చుని ఇంకో రకం ఆలోచించాడు.
నువ్వు అతికేవి ఆ రకం పిల్లలే."

కడుపుమంటకి కూడా ఇంత కరెంటుందా
అని చాలా రోజులు నాలో నేనే అనుకున్నాను.

తర్వాత రెండేళ్ళకి ఢిల్లీ వాళ్ళొచ్చారు, కెమెరాతో.
మా సూపరింటెండెంటు "కాస్త లేమ్మా" అని
నా స్టూలు మీద కూర్చున్నాడు,
లెన్సులో కన్ను పెట్టి, నుదురు ముడేసి.
వెనక నిలబడ్డాం మేమిద్దరం.
మరియమ్మ నా చెవిలో అంది:
"నువ్వు మీసాలు, నేను కళ్ళజోడు."

ఆ ఫోటో నా దగ్గర లేదు.
ఉంటే చూద్దురు, పెదవి కొరుక్కుంటున్నాను.

వాళ్ళు వెళ్ళాక కూర్చున్నాను, స్టూలు ఇంకా వెచ్చగానే ఉంది.
ఫోటో కోసం మర తిప్పినట్టున్నాడు,
అంతా పొగమంచు.
మళ్ళీ కన్నుకి కుదిరేసరికి టీ గంట కొట్టారు.

ఆ పూట పాడైన రవ్వలు పదకొండు.
రిజిస్టరులో
నా పేరు మీదే రాశారు.