శూన్యానికి సమానం

సాయంత్రం ఐదు దాటితే లెక్కల గదిలో
నేనూ, గొంతు పట్టేసిన హీటరూ,
ఎవరో మరిచిపోయిన ఒంటి చేతితొడుగూ.
బ్యూట్ ఊళ్లో నవంబరు చలి
తలుపు సందులోంచి దూరి ముందు వరుసలో కూర్చుంటుంది.

నాలుగు నిమిషాలు ముందే వస్తాడు ఓరిన్ ట్వైట్.
కూర్చోమనేదాకా నిలబడే ఉంటాడు.
ఆయనకి నలభై ఒకటి. నాకు పందొమ్మిది.
నన్ను మేడమ్ అంటాడు,
మా అమ్మని కూడా ఎవరూ అనని మాట.
ఐలా అనండి చాలు, అన్నాను.
"సరే మేడమ్" అన్నాడు.

సర్కారు ఆయనకి ముప్పై ఆరు నెలల చదువు బాకీ.
కింద కిటికీలో డారింకా ఆ నెలల్ని
సోలతో కొలిచి పోస్తుంది:
తరగతి మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి కట్టాలి,
సెలవుల్లో అద్దె రాదు,
ఈ గడిలో కాదండీ, కింది గడిలో సంతకం.
డిసెంబరులో రాత్రిళ్లు మంచు తోసే లారీ నడుపుతాడట.
చదువుకి సెలవిస్తారు గానీ
కడుపుకి ఇవ్వరుగా.

భిన్నాలతో మొదలు, మళ్లీ ఓనమాలు.
మూడింట రెండులో సగం ఎంతంటే
ఆ చలిలోనూ నుదురు తడిసేది.
నెల తిరక్కుండా భిన్నాలు లొంగాయి.
తర్వాత ఎక్స్.
"తెలీనిదానికి పేరు పెట్టేస్తే సగం భయం పోతుంది" అన్నాను,
మా మాస్టారి మాటని నాదే అన్నట్టు.
ఆయన నవ్వలేదు.
నోటుబుక్కులో రాసుకున్నాడు, పక్కన తేదీ వేసి.

ఈ మంగళవారం వక్రరేఖ వచ్చింది.
పుస్తకంలో ఒక కుర్రాడు మేడ మీంచి బంతి విసురుతాడు.
అది పైకెళ్లి, వంగి, దిగుతుంది.
ఎంతసేపటికి నేలని తాకుతుంది?
నీలం మార్కరుతో బోర్డు మీద గీశాను.
"ఇది నాకు తెలుసు."
మొదటిసారి, మేడమ్ లేకుండా.

ఫిరంగి దళంలో వాళ్లకి పట్టికల పుస్తకం ఉండేదట.
దూరం చూడు, గాలి చూడు,
అంకె అరిచి చెప్పు.
ఆరేళ్లు అంకెలు అరిచాడు.
వాటి వెనక ఇంత నున్నటి గీత ఉందని
ఎవరూ చెప్పలేదు.
లేచి వచ్చి ఆ వంపుని వేలితో తడిమాడు,
గుర్రం మెడ నిమిరినట్టు.
వేలికి నీలం అంటింది.

"నేల దగ్గర ఏం వెయ్యాలి?"
సున్నా. ఎత్తుని శూన్యానికి సమానం చేసి
కాలం ఎంతో కనుక్కోవాలి.
"నేల దగ్గర సున్నా." కాసేపాగి,
"ఎప్పుడూనా?"
ఎప్పుడూ, అన్నాను. సూత్రం కదా.

హీటరు దగ్గింది.
గంటకి పదకొండు డాలర్ల ఈ ఉద్యోగానికి
ఒక పూట శిక్షణ ఇచ్చారు నాకు.
అందులో ఈ నిశ్శబ్దం లేదు.
ఆయన పెన్సిలు చెక్కుకున్నాడు,
అప్పటికే సూదిలా ఉన్నదాన్ని.

తర్వాత లెక్క చేశాడు, ఒక్క మెట్టు తప్పకుండా.
రెండు జవాబులు తేలాయి.
ఒకటి మూడు సెకన్లు.
రెండోది ఋణసంఖ్య.
"దీన్నేం చెయ్యాలి?"
కొట్టెయ్యండి. అది లెక్కలోకి రాదు.
"ఎందుకని?"
అది బంతి విసరకముందు కాలం, అన్నాను.
అక్కడికి వెళ్లలేం.

పెన్సిలు కాగితం మీద ఆనించి
చాలాసేపు ఉన్నాడు.
మూడు సెకన్ల కింద గీత గీశాడు.
రెండోదాన్ని కొట్టెయ్యలేదు,
చుట్టూ చిన్న గడి కట్టాడు,
నాలుగు మూలలూ కలిసేలా.

పద్ధతి ప్రకారం అర మార్కు తగ్గించాలి.
నా ఎర్ర పెన్నుకి మూత తియ్యలేదు.
"గురువారం వస్తాను మేడమ్" అని
కుర్చీని బల్ల కిందికి తోసి వెళ్లాడు.
బోర్డు తుడిచాను.
వేలు తగిలిన చోట మాత్రం
తుడవడానికి ఏమీ మిగల్లేదు.