ఇరవై తొమ్మిది గ్రాములు

ఎంబిటా రేవులో నా కొట్టు:
ఒక తలుపు, ఒక బల్ల, ఒక సోల్డరింగ్ కడ్డీ.
చంద్రుడు లేని రాత్రులే నాకు గిరాకీ.
వెన్నెల కాస్తే ఒమెనా చేప దీపం దగ్గరికి రాదు,
పడవ కదలదు, దీపం చెడదు,
నా పొయ్యి వెలగదు.

దీపాల పొట్టలో వేసే సెల్లుల కోసం
షెన్‌జెన్‌లో ఎవరికో డబ్బు కట్టాను.
రెండు వందల సెల్లులు.
ఒక్కోదాని మీద తొమ్మిది వేల తొమ్మిది వందలు,
ఎర్రటి అంకెలు, పక్కన మెరుపు బొమ్మ.
మనిషి పేరు తెలీదు. కొట్టు పేరు సంతోషాల పులి.
ప్రతి సందేశమూ ‘ప్రియ మిత్రమా’ అంటూ మొదలెట్టేవాడు.
నన్నెవరూ అన్నిసార్లు అలా పిలవలేదు.

విమానం వీటిని ఎక్కించుకోదట, మండుతాయని.
ఓడలో వచ్చాయి, యాభై ఎనిమిది రోజులు.
మొంబాసా గుమస్తా పెట్టె ఊపి చూసి
‘ఏమిటివి, బాంబులా?’ అన్నాడు ఫోన్లో.
‘దీపాలయ్యా.’
దీపాలకీ సుంకం రాశాడు.

పెట్టె విప్పిన సాయంత్రం
చేతిలోకి తీసుకోగానే తెలిసింది.
త్రాసు లేకుండా చేపలు తూచే ఇంట్లో పెరిగిన చెయ్యి ఇది,
తేలికను పసిగడుతుంది.
కానీ అమావాస్య. గుమ్మంలో ఒబూయా,
రెండు చేతులా మూడు ఖాళీ దీపాలు,
రేవులో అతని కుర్రాళ్లు తెడ్లు పట్టుకుని.
పన్నెండు సెల్లులు అతికించాను.
‘తెల్లారేదాకా ఉంటాయా, అపోండీ?’
‘ఉంటాయి’ అన్నాను.

అతను వెళ్లాక
బంగారం కొనే ఒగూతూ దగ్గర బుల్లి త్రాసు అడిగి తెచ్చాను.
మిగోరి గనుల దుమ్ము ఇంకా పళ్లేన్ని వదల్లేదు.
ఇరవై తొమ్మిది గ్రాములు.
ఇంకోటి. ఇరవై తొమ్మిది.
చచ్చిన ల్యాప్‌టాప్‌లోంచి పీకిన ముసలి సెల్లు పెట్టాను,
ఒంటి మీద రెండు వేల రెండు వందలని
వినయంగా రాసుకున్నది:
నలభై ఆరు.

ఒకదాన్ని పూర్తిగా ఉసూరనిపించి, చొక్కా ఒలిచి, కోశాను.
లోపల చిటికెన వేలంత సెల్లు,
చుట్టూ తెల్లటి పిండి.
నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలన్నారు,
ఇక్కడ బుర్ర కూడా లేదు, పిండి.
రొట్టెకి పనికిరాదు.

అర్ధరాత్రి కొట్టు ముందు నిలబడి సరస్సు చూశాను.
నీళ్ల మీద దీపాలు, ఎప్పట్లాగే ఒక ఊరులా.
ఏ మూడు ఒబూయావో ఇంత దూరం నుంచి తెలీదు.
ఒకటి ఆరిపోయిందనుకున్నాను.
అల అడ్డొచ్చిందేమో అనుకున్నాను.
మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ తప్పాను.

తెల్లారి వచ్చాడు. అరవలేదు.
దీపాలు బల్ల మీద పెట్టాడు,
పక్కన పేపర్లో చుట్టిన గుప్పెడు చేపలు.
‘మావి రెండింటికల్లా పోయాయి.
అవోర్ వాళ్ల దీపం పక్కన చేరాం. జరిగి చోటిచ్చారు.’
అంతే. చేపలు మాత్రం ఎందుకు తెచ్చాడో
ఇప్పటికీ అడగలేదు.

పులికి రాయడానికి కూర్చున్నాను.
‘దొంగా’ అని మొదలెట్టాను.
ఆ మాట దగ్గర వేలు ఆగింది,
‘ఉంటాయి’ అన్నది నేనే కదా.
చెరిపేసి, త్రాసు ఫోటో మాత్రం పంపాను.
‘ప్రియ మిత్రమా, మీ త్రాసు పాతదేమో’ అన్నాడు.
మూడో వారానికి, ‘సరుకు తిప్పి పంపండి, డబ్బు ఇస్తాం.’
పోస్టాఫీసుకి మోసుకెళ్లాను.
వాళ్లు తీసుకోలేదు, మండుతాయని.

ఇప్పుడు నూట ఎనభై ఎనిమిది సెల్లులు బల్ల కింద ఉన్నాయి,
అందులో ఒకటి కోసింది.
మీద ఒగూతూ త్రాసు. వాడూ అడగడు, నేనూ ఇవ్వను.
కొత్తగా ఎవరి దగ్గరో యాభై తెప్పించాను,
రెండు వేల ఆరు వందలవి. తూచి,
ప్రతిదాని మీదా గ్రాములు మార్కర్‌తో రాశాను.

నిన్న ఒబూయా ఒకటి తీసి అంకె చూశాడు.
‘పాతవాటి మీద పెద్ద అంకె ఉండేది’ అన్నాడు.
‘ఉండేది’ అన్నాను.
‘మరి తెల్లారేదాకా?’
‘నాలుగింటిదాకా. ఆ తర్వాత చెప్పలేను.’
కాసేపు చేతిలో ఆడించి
దీపం నా వైపు జరిపాడు.