ప్రాంప్టరు ఒట్టు

పర్లాకిమిడిలో మా నాటకానికి కత్తి దొరకలేదు.
తవిటయ్య మాష్టారు నాలుగొందల ఏళ్ళనాటి
ఇంగ్లీషు నాటకమొకటి తెలుగు చేసి
కార్బన్ పెట్టి నాచేత టైపు కొట్టించారు, అరవై పేజీలు.
రెండో అంకంలో ఒక సిపాయి
ఊరు విడిచిపోతున్న దొరసానికి
కత్తి పిడి మీద చెయ్యేసి చెప్పాలి:
"మీరు తిరిగొచ్చేదాకా ఈ దీపం ఆరనివ్వను."
నాలుగో అంకంలో ఊదెయ్యాలి.
అంతే వేషం.

"ఆ కాలంలో నాటకమంటేనే ఒట్లు," అనేవారు మాష్టారు
పకోడీ పొట్లం విప్పుతూ.
"మొదట్లో ఒట్టేసినవాడు చివర్లో చస్తాడు, లేదా చంపుతాడు.
మధ్యలో ఉన్నదంతా మాట పుచ్చుతున్న వాసన.
మరీ మితిమీరిందని వాళ్ళ సర్కారు
రంగం మీద దేవుడి పేరెత్తితే జరిమానా అంది, పది పౌన్లు.
అప్పట్నుంచి పాపం
ఆకాశం మీద, చందమామ మీద, సొంత గడ్డాల మీద
ఒట్లేసుకున్నారు."

మేం నవ్వాం. మనకిక్కడ కొరతా?
కర్పూరం ఆర్పొచ్చు, అన్నం ముట్టుకోవచ్చు,
పిల్లాడి నెత్తిన చెయ్యి పెట్టొచ్చు,
ఆనక ఒట్టు తీసి గట్టు మీదా పెట్టొచ్చు.
వీధికి అటువైపు ఒడియా వాళ్ళు "మో రాణ" అంటారు.
చిన్నప్పుడు నా చెవికది "రాను" అన్నట్టే పడేది.
ఒట్టంటే రానని చెప్పడమేనని
చాన్నాళ్ళు అనుకున్నాను.

సిపాయి వేషం మొనసి గమాంగ్‌ది.
కోర్టు బంట్రోతు. గుమ్మా కొండల మనిషి.
తెలుగు మాలాగే మాట్లాడతాడు, కాస్త నెమ్మదిగా,
ఒక్కో మాటా సంతలో బేరమాడి కొన్నట్టు.
అట్టకి వెండికాగితం అంటించి కత్తి చేశాం.
పిడి మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు.
"మా తాత పులితోలు మీద చెప్పీవోడండి.
తప్పితే పులొచ్చీది."
"వేషమే కదా, మొనసీ."
"వేషమని పులికి తెలీదు గదండి."

మాష్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.
మొనసి ఇంకోటి కూడా చెప్పాడు:
"అంతా నిజమే చెబుతాను" అన్న సాక్షి
మెట్లు దిగేసరికి ఆ మాట బోనులోనే ఉండిపోతుందట,
మర్చిపోయిన గొడుగులా.
సాయంత్రం ఊడ్చేది తనే.

నాటకం రాత్రి క్లబ్బు హాలు నిండింది.
నేను వింగులో, టార్చీ కాగితాలూ పట్టుకుని.
దొరసాని వెళ్ళడానికి లేచింది.
మొనసి పిడి మీద చెయ్యేశాడు. నోరు విప్పలేదు.
మర్చిపోయాడనుకుని అందించాను.
మళ్ళీ అందించాను.
మూడోసారికి గొంతు నా అదుపు తప్పి
వెనక బెంచీల దాకా పోయింది:
"మీరు తిరిగొచ్చేదాకా ఈ దీపం ఆరనివ్వను!"
ఆడగొంతు. సిపాయి పెదవి కదల్లేదు.
ఎవరో చప్పట్లు కొట్టారు, కొత్త పద్ధతేమో అనుకుని.
మొనసి నావైపు చూశాడు.
ఆ చూపుని ఇప్పటికీ అనువదించలేను.
నాలుగో అంకంలో దీపం ఉఫ్ మని ఊదేశాడు, ఎంత తేలిగ్గానో.
మాట తనది కాదుగా.

దొరసాని వేసిన కుముదిని బెహరా, ఆస్పత్రి నర్సు,
ఆ నెలాఖరుకే జయపురం బదిలీ మీద వెళ్ళిపోయింది.
తిరిగి రాలేదు. రావలసిన పనీ లేదు.
నాతో పట్టుమని పది మాటలు మాట్లాడిన మనిషి కాదు.

మా వసారాలో జీరో బల్బు వెలుగుతూనే ఉంది, పదకొండేళ్ళుగా.
ఎదురింటి వాళ్ళు దొంగల భయమనుకుంటారు.
బిల్లు నేనే కడతాను.

టైపు కొట్టేటప్పుడే "ఆర్పను" అని మార్చేసి ఉంటే
ఈ తిప్పలుండేవి కావు.
ఆర్పకుండా ఉండటం ఎవరికైనా చేతనవును.
"ఆరనివ్వను" అంటే గాలికీ, సబ్‌స్టేషనుకీ
నేనే పూచీ.

కరెంటు పోయినప్పుడల్లా లేస్తాను,
మాష్టార్నీ మొనసినీ కలిపి తిట్టుకుంటూ,
అగ్గిపెట్టె ఎక్కడ పెట్టానో
చీకట్లో తడుముకుంటూ.