బూట్ల రికవరీ

పెన్షన్ సెక్షన్లో నా బల్లకు మూడే కాళ్లు,
నాలుగోది పాత గెజెట్ల కట్ట.
ఒకరోజు దాని మీదికి వచ్చిపడింది
పెంటయ్య సర్వీసు రిజిస్టరు.
లాలాగూడ లోకో షెడ్డు, ఖలాసీ.
అంచులు చెదలు రుచి చూసి వదిలేసినవి.

తండ్రి పేరు: ఎల్లయ్య.
గుర్తింపు మచ్చ: ఎడమ పిక్క మీద కాలిన గాయం.
సంతకం: వేలిముద్ర.
ఆట అనే గడి ఆ ఫారంలో లేదు.

అయినా ఆటగాడు ఎంతసేపు దాక్కుంటాడు?
'బంతి తగిలి షెడ్డు కిటికీ అద్దం పగిలినందుకు
నాలుగణాలు జుర్మానా.' ఎర్ర సిరా.
పదిహేను రోజులకు మళ్లీ నాలుగణాలు. అదే కిటికీ.
మూడోసారి పగిలింది, జుర్మానా లేదు.
ఫోర్‌మన్ చేతిరాతలో ఒక్క ముక్క:
'ఇతణ్ణి జట్టులోకి తీసుకోవాలి.'

అక్కణ్ణించి సెలవులు.
ఆగస్టులో మూడు రోజులు, సెప్టెంబరులో అయిదు,
ఏటా వానాకాలమంతా జీతంతో కూడిన సెలవులు,
కారణం గడిలో ప్రతిసారీ ఒకే మాట: మైదాన్.
ఒకచోట దాని పక్కన
ఎవరో గుమస్తా, నాలాంటివాడే, ఆగలేక
పెన్సిలుతో రాసుకున్నాడు:
'రెండు గోళ్లు. రెండూ ఎడమకాలితోనే.'
ఎంతమంది ఆడిటర్ల కళ్లద్దాల కింద నుంచో
ముప్పై ఏళ్లు బతికొచ్చింది ఆ పెన్సిలు గీత.

అతడొచ్చిన నాడు ముందుగా పాదాలే చూశాను.
టైరు చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.
విడివిడిగా వేళ్లు,
గచ్చును కూడా తడిమి చూసి గానీ ఆనడం లేదు.
ఆ పేరేమిటని అడిగాను, అడగాల్సింది కాదేమో.
"నాకు ముందు ముగ్గురు పోయిండ్రు సారూ.
పుట్టంగనే నన్ను పెంట మీదేసి
చాటెడు నూకలిచ్చి మా అవ్వనే మళ్ల కొనుక్కున్నది.
బాల్‌ను గూడ నేను గట్లనే అనుకునేటోణ్ణి,
పోయిందన్నదాన్ని తెచ్చుకునుడే."

పేజీ తిప్పాను.
'బూట్లు, జత ఒకటి, ఇరవై నాలుగు రూపాయలు.
నెలకు రెండు చొప్పున పన్నెండు కోతలు.'
ఆ ఏడు ఉట్టికాళ్లతో ఆడనివ్వమని చీటీ అంటించారట,
చదివి చెప్పినవాడు నవ్వాడట.
"తొడిగిన. లేసులు కట్టుడు నా బిడ్డ నేర్పింది.
తోలు మంచిదే, లోపట దూది గూడ కుక్కిండ్రు.
కానీ సారూ, భూమి వినవడలే.
బురద ఏడ లోతున్నదో, బాల్ ఎటు అలిగిందో
వేళ్లు చెప్తుండె నాకు.
ఆ దినం ఎవ్వలు చెప్పలే."

పల్టన్ జట్టు మీద ఆట.
గోలు ముందర, అడ్డం ఎవరూ లేని చోట
కాలు జారి కూర్చుండిపోయాడు.
నవ్వలేదు, కళ్లు తుడుచుకోలేదు,
కౌంటరు చెక్క మీద ఆ చోటు గీసి చూపించాడు.
గోలు గీడ, నేను గీడ.
నా ఇంకుబుడ్డి బంతి అయింది.
ఇప్పటికీ ఆ జానెడు దూరం నేను కొలవగలను.

'చీలమండ బెణుకు. పది రోజులు.'
ఆ తర్వాత రిజిస్టరులో మైదాన్ లేదు.
కోతలున్నాయి.
మూడోది, నాలుగోది,
అటకెక్కిన బూట్లకు నెలనెలా రెండు రూపాయలు,
ఎండాకాలంలోనూ, బిడ్డ పెండ్లి అడ్వాన్సు తీసుకున్న నెలలోనూ,
పన్నెండోది.
దాని కింద, ఏ గుమస్తా కునుకు తీశాడో, పదమూడోది.

"మీకు రెండు రూపాయలు రావాలి పెంటయ్యా" అన్నాను.
ఆరు సంతకాలైనా సరే తెప్పిస్తానన్నాను.
వేలితో ఎర్ర సిరా వరుసల దాకా వెనక్కి నడిచాడు,
చదువు రాదు, అయినా పేజీ ఎలా గుర్తుపట్టాడో.
"ఉండనియ్యి సారూ.
మూడో అద్దం పైసలు నేనెన్నడు కట్టలే."

నాలుగణాలకు రెండు రూపాయలు. లెక్క కుదరదు.
స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపాను.
ముద్ర వేశాడు,
ఎడమ బొటనవేలు, రూలు ప్రకారం.